బ్రేక్ ఆయిల్: పైన పోయడం వేరు, పూర్తిగా మార్చడం వేరు

ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో కారున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. టైర్లు అరిగితే కంటికి కనిపిస్తాయి. బ్యాటరీ నీరసపడితే పొద్దున్నే బండి స్టార్ట్ కాక మొరాయిస్తుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం ఇలాంటి హెచ్చరికలేవీ చేయదు. ఐదారేళ్ల కిందటి ఆయిల్‌తోనే ఊళ్లో రోజూ తిరగొచ్చు. సిగ్నళ్ల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల దగ్గర పెడల్ మామూలుగానే పనిచేస్తుంది. అసలు సంగతి బయటపడేది కుటుంబమంతా ఎక్కి కూర్చున్న కారు కొండ దిగుతున్నప్పుడే.

కారు నడిపినా, షెడ్డులో నిలబెట్టినా వయసుతో పాటు పాడయ్యే ద్రవం ఇది. ఖరీదు కొన్ని వందల రూపాయలే. ఓపిక, ఒక సహాయకుడు, కొద్దిపాటి సామాను ఉంటే చాలా కార్లకు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. అయితే ఎలా చేయాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగిపోయి మెకానిక్‌ను పిలవాలో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం.

పేరుకే ఆయిల్

మన దగ్గర అందరూ బ్రేక్ ఆయిల్ అనే అంటారు కానీ ఇది నిజానికి నూనె కాదు. నేటి కార్లలో దాదాపు అన్నింటిలో వాడేది గ్లైకాల్ ఈథర్ జాతికి చెందిన రసాయన ద్రవం. ఈ తేడా మాటకే పరిమితమైంది కాదు. 'ఆయిలే కదా' అనుకుని ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో ఇందులో పోస్తే బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. ఆ తర్వాత ద్రవం మార్చినంత మాత్రాన సరిపోదు. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరు భాగాలన్నీ మార్చాల్సి రావచ్చు.

ఈ ద్రవం చేసే పని ఒక్కటే. పాదం పెడల్‌పై పెట్టిన ఒత్తిడిని నాలుగు చక్రాలకు చేరవేయడం. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు కాబట్టే పెడల్ కదలిక మొత్తం బ్రేక్ ప్యాడ్‌కు అందుతుంది. వాయువు అలా కాదు. నొక్కితే నలుగుతుంది. బ్రేక్ గొట్టాల్లో కాస్త గాలో, ఆవిరో చేరితే పెడల్ కదలిక దాన్ని నలపడానికే ఖర్చవుతుంది. చక్రానికి అందేది తక్కువ.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

గ్లైకాల్ ద్రవానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత తీసి పెట్టిన ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లినట్టే ఇదీ గాలిలోని తేమను లాక్కుంటుంది. బ్రేక్ వ్యవస్థ మూసే ఉంటుంది కదా అనిపించవచ్చు. కానీ చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాల గుండా, ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం గుండా తేమ నెమ్మదిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. విశాఖపట్నం, చెన్నై, ముంబై, కొలంబో, ఢాకా వంటి తేమ ఎక్కువగా ఉండే నగరాల్లో ఈ ప్రక్రియకు అనుకూలత మరీ ఎక్కువ.

ఇలా పీల్చుకోవడంలో కొంత మేలు కూడా ఉంది. నీరు విడిగా ఒకచోట చేరి గడ్డకట్టడమో, తుప్పు పట్టించడమో చేయకుండా ద్రవంలో కలిసిపోతుంది. దానికి చెల్లించే మూల్యం మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోవడం.

బ్రేక్ ఆయిల్ డబ్బాపై కనిపించే 'డాట్' అంకెల వెనుక ఉన్న లెక్క ఇదే. అమెరికా రవాణా శాఖ ప్రమాణాల ప్రకారం డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. డాట్ 4కు ఆ హద్దు 230 డిగ్రీలు. డాట్ 5.1కు 260. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఇవే హద్దులు డాట్ 3కు 140, డాట్ 4కు 155, డాట్ 5.1కు 180 డిగ్రీలకు పడిపోతాయి. అంటే నూటికి నాలుగు పాళ్లు కూడా లేని నీరు డాట్ 4 హద్దును 75 డిగ్రీలు కిందికి లాగేస్తుంది.

ఘాట్ రోడ్డులో జరిగేది

తిరుమల కొండ తిరుపతి కంటే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. మనుషులతో కలిపి 1,300 కిలోల బరువున్న కారు ఆ ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి వదిలించుకోవాల్సిన శక్తిని లెక్కగడితే 30 లీటర్ల నీటిని మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి నిరోధానికి, కొంత ఇంజన్‌కు పోతుంది. డ్రైవర్ టాప్ గేర్‌లోనో, న్యూట్రల్‌లోనో వస్తూ కాలు బ్రేక్ మీదే ఉంచితే ఆ భారంలో ఎక్కువ భాగం నాలుగు చక్రాల బ్రేకుల మీదే పడుతుంది.

పొడవైన దిగుడులో బ్రేక్ డిస్క్ వేడి 300 డిగ్రీలు దాటడం అసాధారణమేమీ కాదు. ఆ వేడి ప్యాడ్ గుండా, పిస్టన్ గుండా వెనకున్న ద్రవానికి చేరుతుంది. కొత్త ద్రవమైతే తట్టుకుంటుంది. పాతదైతే అందులోని నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరిగా మారితే సాధారణ వాతావరణ పీడనం వద్ద దాని ఘనపరిమాణం దాదాపు 1,700 రెట్లు అవుతుంది. కాబట్టి చిన్న బుడగ చాలు, పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. ఆవిరి పెరిగితే నేలకు తగులుతుంది. కారు మాత్రం ఆగదు.

విచిత్రమేమిటంటే, కారు చల్లారాక ఆవిరి తిరిగి నీరై ద్రవంలో కలిసిపోతుంది. పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. మెకానిక్ చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. అలా అసలు కారణం తేలకుండానే ఆ బండి మళ్లీ రోడ్డెక్కుతుంది.

ఇక్కడ మరో తేడా గమనించాలి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే వేడెక్కింది ప్యాడ్లు. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే అనుమానించాల్సింది ద్రవాన్ని. అలా దిగిపోయినప్పుడు పెడల్‌ను వెంటవెంటనే పలుమార్లు తొక్కాలి. గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా లాగుతూ కారు ఆపాలి. బ్రేకులు పూర్తిగా చల్లారే దాకా కదలకూడదు. ఆ తర్వాతి ప్రయాణం నేరుగా మెకానిక్ దగ్గరికే.

టాప్ అప్ చేస్తే చాలదా?

సర్వీసు బిల్లులో 'బ్రేక్ ఆయిల్ టాప్ అప్' అన్న మాట చూసి చాలామంది పనైపోయిందనుకుంటారు. ఇంజన్ ఆయిల్‌లా బ్రేక్ ద్రవం తిరుగుతూ ఉండదు. చక్రం దగ్గరున్న ద్రవం ఏళ్ల తరబడి దాదాపు అక్కడే ఉంటుంది. పైన ట్యాంకులో గరిటెడు కొత్తది పోస్తే అది ట్యాంకులోనే ఉంటుంది తప్ప, వేడి తగిలే చోటుకు చేరదు.

పైగా ట్యాంకులో మట్టం తగ్గడం ఒక సమాచారం. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి. వాటి వెనుక ఖాళీని నింపడానికి ద్రవం దిగుతుంది. కాబట్టి మట్టం మెల్లగా తగ్గితే ప్యాడ్లు చూసుకోవాలి. ఉన్నట్టుండి తగ్గితే ఎక్కడో లీకవుతోందని అర్థం. ఊరికే పోసేస్తే ఆ రెండు సూచనలూ మరుగున పడతాయి. తర్వాత కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు ఎక్కువైన ద్రవం పొంగి పెయింట్ మీద పడుతుంది.

రంగును బట్టి నిర్ణయించడమూ నమ్మదగిన పద్ధతి కాదు. నల్లబడిన ద్రవాన్ని ఎలాగూ మార్చాల్సిందే. కానీ తేటగా ఉన్న ద్రవంలోనూ నీరు ఉండవచ్చు. తేమను కొలిచే పెన్ను లాంటి పరికరాలు ట్యాంకులోని ద్రవం గురించి ఒక అంచనా ఇస్తాయి తప్ప చక్రాల దగ్గరున్న దాని గురించి చెప్పలేవు. అందుకే ఎక్కువ కంపెనీలు కాలాన్నే కొలమానంగా పెట్టుకున్నాయి. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా, తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చమన్నది ఎక్కువగా కనిపించే సూచన. కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఏముంటే అదే ప్రమాణం.

మార్చకుండా వదిలేస్తే ఇంకో నష్టమూ ఉంది. తేమ వల్ల మాస్టర్ సిలిండర్, పిస్టన్లు, ఏబీఎస్ యూనిట్‌లోని సన్నని కవాటాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. కొన్ని వందల దగ్గర ఆదా చేసిన మనిషికి ఏబీఎస్ యూనిట్ బిల్లు వేలల్లో వస్తుంది.

ఇంట్లో ఎవరు చేయకూడదు?

ముందు ఇది తేల్చుకోవాలి. హైబ్రిడ్ కార్లలోనూ, ఎలక్ట్రిక్ కార్లలోనూ, ఎలక్ట్రానిక్‌గా పనిచేసే బ్రేక్ వ్యవస్థ ఉన్న కార్లలోనూ ఈ పని సర్వీస్ సెంటర్‌కే వదిలేయాలి. వాటికి కంపెనీ స్కానర్‌తో ప్రత్యేక క్రమం ఉంటుంది. పెడల్ ఇప్పటికే మెత్తగా ఉన్నా, డ్యాష్‌బోర్డుపై బ్రేక్ లేదా ఏబీఎస్ లైటు వెలుగుతున్నా, ఎక్కడైనా లీకు కనిపించినా అది ద్రవం మార్పుతో తీరే సమస్య కాదు.

మామూలు ఏబీఎస్ ఉన్న పెట్రోల్, డీజిల్ కార్లకు మాత్రం, ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకుంటే, చక్రాల దగ్గర పాత ద్రవాన్ని తీసి కొత్తది నింపడం ఎక్కువ సందర్భాల్లో ఇంటి దగ్గర సాధ్యమే.

కావలసినవి

ట్యాంకు మూతపై ఏ డాట్ రకం రాసి ఉందో అదే రకం ద్రవం, సీలు తీయని డబ్బా ఒక లీటరు. చిన్న కార్లకు ఇది సరిపోతుంది. నిరుడు సగం వాడి మూత పెట్టిన డబ్బా పనికిరాదు, అది అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది. డాట్ 5, డాట్ 5.1 పేర్లు దగ్గరగా ఉన్నా ఒకటి కావు. డాట్ 5 సిలికాన్ ద్రవం, గ్లైకాల్‌తో కలవదు. దాన్ని దగ్గరికి రానీయకూడదు.

బ్లీడర్ నిపుల్‌కు సరిగ్గా సరిపోయే రింగ్ పానా కావాలి. సాధారణంగా 8, 10 లేదా 11 మిల్లీమీటర్లది ఉంటుంది. ఓపెన్ పానాతో తిప్పితే నిపుల్ అంచులు అరిగిపోతాయి. నిపుల్‌కు బిగువుగా పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, పారదర్శకమైన సీసా, పెద్ద సిరంజి, జాకీ, జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డు పెట్టే చెక్క దిమ్మెలు, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు సిద్ధం చేసుకోవాలి. పక్కనే బకెట్టు నీళ్లు ఉండాలి. ఈ ద్రవం పెయింట్‌ను కరిగించేస్తుంది. ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగాలి.

ఏ చక్రంతో మొదలుపెట్టాలి?

పాత పద్ధతి ప్రకారం మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. అమెరికన్ వీడియోల్లో చాలావాటిలో కుడి వెనుక చక్రంతో మొదలుపెట్టమని చెబుతారు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఆ లెక్క సరే. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకల్లో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. సాధారణంగా మాస్టర్ సిలిండర్ కూడా డ్రైవర్ ముందే ఉంటుంది. కాబట్టి ఇక్కడ వరుస ఎడమ వెనుక, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు చక్రంగా మారుతుంది. బ్రేక్ గొట్టాలను ఐమూలగా విడదీసిన కొన్ని కార్లకు కంపెనీలు వేరే వరుస చెబుతాయి. అలాంటప్పుడు కంపెనీ చెప్పిందే పాటించాలి.

పని జరిగే తీరు

కారును చదునైన గట్టి నేలపై నిలిపి, ఇంజన్ ఆపి, నేల మీదే ఉండే చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. వెనుక చక్రం పైకి లేపినప్పుడు హ్యాండ్ బ్రేక్‌ను నమ్ముకోవడానికి లేదు కాబట్టి ఈ దిమ్మెలే ఆధారం. జాకీతో లేపాక జాక్ స్టాండ్ పెట్టి తీరాలి. లోపల ఒక మనిషి కూర్చుని పెడల్ తొక్కుతుంటాడు. ఒట్టి జాకీ మీద ఆ పని చేయడం ప్రాణాలతో చెలగాటమే.

మొదట నాలుగు నిపుళ్లూ కదులుతాయో లేదో చూడాలి. మట్టి తుడిచి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, కొద్దిగా వదులు చేసి వెంటనే బిగించాలి. ఏ ఒక్కటి బిగుసుకుపోయినా బలం ఉపయోగించకుండా అక్కడితో ఆపేయాలి. నిపుల్ విరిగితే ఆ కారు ఇక ఇంట్లోంచి నడిచి వెళ్లదు. ద్రవం తీయకముందే ఈ పరీక్ష చేయాలనడానికి కారణం ఇదే.

తర్వాత ట్యాంకు మూత చుట్టూ దుమ్ము తుడిచి, సిరంజితో పాత ద్రవాన్ని తీయాలి. పూర్తిగా కాదు, అడుగున రంధ్రాలు మునిగి ఉండేంత వదలాలి. ఆపై కొత్త ద్రవాన్ని మ్యాక్స్ గీత వరకు పోయాలి. చాలా కార్లలో క్లచ్‌కు కూడా ఇదే ట్యాంకు నుంచి ద్రవం వెళ్తుంది. దాని నిపుల్ వేరుగా ఉంటుంది. అదీ పాతదే కాబట్టి, మాన్యువల్ చూసి దానినీ మార్చుకోవచ్చు.

ఇప్పుడు మొదటి చక్రం. నిపుల్‌కు పానా తగిలించి, దానిపై గొట్టం తొడిగి, గొట్టం రెండో కొసను సీసాలో కొద్దిగా పోసిన కొత్త ద్రవంలో మునిగేలా ఉంచాలి. అప్పుడు పొరపాటున వెనక్కి లాగినా గాలి కాక ద్రవమే వెళ్తుంది.

మిగతాదంతా ఇద్దరి మధ్య మాట మీద నడుస్తుంది. 'తొక్కు' అంటే లోపలున్నవారు పెడల్‌ను నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. పానా పట్టుకున్నవారు నిపుల్‌ను పావు చుట్టు తిప్పుతారు. ద్రవం సీసాలోకి వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. అక్కడే పట్టి ఉంచాలి. నిపుల్ బిగించాక మాత్రమే 'వదులు' అనాలి. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే గాలి లోపలికి పోతుంది. మొత్తం పనిలో తప్పు జరిగే అవకాశం ఎక్కువగా ఉండేది ఇక్కడే.

పాత కార్లలో పెడల్ నేలకు తగిలేలా తొక్కకపోవడం మంచిది. మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని భాగంలో తుప్పు, మడ్డి ఉండవచ్చు. సీలు దాని మీదుగా జరిగితే చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే ఆ బెడద ఉండదు.

ప్రతి ఐదారు తొక్కులకు ఒకసారి ట్యాంకు చూడాలి. మినిమమ్ గీత కిందికి పోనివ్వకూడదు. సీసాలోకి వచ్చే ద్రవం ముదురు రంగు నుంచి తేట రంగుకు మారి, బుడగలు లేకుండా వచ్చే దాకా కొనసాగించాలి. దూరపు చక్రానికి ఎక్కువ, దగ్గరి చక్రానికి తక్కువ పడుతుంది. నిపుల్‌ను తగుమాత్రం బిగించి, రబ్బరు టోపీ పెట్టి, ఆ చోటు నీళ్లతో కడిగి తర్వాతి చక్రానికి వెళ్లాలి. నిపుల్ చిన్నది. దానిపై మొత్తం బలం చూపిస్తే మరలు పోతాయి.

గాలి చేరితే?

ట్యాంకు ఖాళీ అయి గాలి గొట్టాల్లోకి దిగితే, ఏబీఎస్ లేని పాత కార్లలో మరికొంత ద్రవంతో అదే పని మళ్లీ చేస్తే సరిపోవచ్చు. ఏబీఎస్ ఉన్న కారులో ఆ గాలి యూనిట్ లోపలి గదుల్లో చిక్కుకోవచ్చు. స్కానర్‌తో ఆ కవాటాలను తెరిపిస్తే తప్ప బయటికి రాకపోవచ్చు. అప్పుడు కారును నడుపుకుంటూ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలనుకోవడం తెలివితక్కువ పని. టోయింగ్ వాహనాన్ని పిలవాలి.

రోడ్డెక్కే ముందు

ట్యాంకును మ్యాక్స్ గీత వరకు నింపి మూత బిగించాలి. ఇంజన్ ఆపి ఉండగానే పెడల్‌ను కొన్నిసార్లు తొక్కితే రాయిలా గట్టిపడాలి. అలాగే తొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగాలి. అది బ్రేక్ బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. ఆ తర్వాత అర నిమిషం గట్టిగా తొక్కి పట్టినా మెల్లగా కిందికి జారకూడదు. జారితే లోపల గాలో, లీకో ఉన్నట్టే. ఆ స్థితిలో కారు కదల్చకూడదు.

అన్నీ బాగుంటే నాలుగు నిపుళ్ల దగ్గర తడి ఉందేమో చూసి, చక్రాల నట్లు బిగించి, మనుషులు లేని ఖాళీ స్థలంలో నడక వేగంతో మొదలుపెట్టి పలుమార్లు బ్రేక్ వేసి చూడాలి. మర్నాడు పొద్దున ట్యాంకు మట్టం, నిపుళ్లు మరోసారి చూస్తే అనుమానం తీరిపోతుంది.

పాత ద్రవం విషపూరితం. మురుగు కాలవలో, చెట్టు మొదట్లో పోయకూడదు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి వదిలేయడం అంతకంటే ప్రమాదం, పిల్లలు తాగే పానీయమనుకోవచ్చు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పైన పేరు రాసి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు అప్పగించాలి. ఇంజన్ ఆయిల్‌తో కలపకూడదు.

ఇంత పని ఇంట్లో పెట్టుకోలేమనుకునేవారికీ ఇదంతా తెలిసి ఉండటం అవసరమే. గ్యారేజీకి ఇచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మూడు. చివరిసారి మార్చింది ఏ తేదీన? సీలున్న డబ్బా కళ్ల ముందు తెరుస్తారా? నాలుగు చక్రాల దగ్గరా పాతది తీస్తారా, లేక ట్యాంకులో పోసి వదిలేస్తారా? మూడో ప్రశ్నకు జవాబు తడబడితే బిల్లులో ఏం రాసినా ఆ కారులో జరిగింది టాప్ అప్ మాత్రమే. మార్చిన తేదీని ట్యాంకు పక్కన ఒక స్టిక్కర్‌పై రాసి అంటిస్తే, వచ్చే వేసవి సెలవుల్లో అరకుకో, ఊటీకో, తిరుమలకో బయల్దేరే ముందు బానెట్ ఎత్తి ఒక్కసారి చూసుకోవడం సరిపోతుంది.